చెరువుల దేశం నుంచి చెరువుల దీవికి

పదిహేను వందల ఏళ్ల కిందట లంకలో ఒక రాజు సొంత కొడుకు చేతికే చిక్కాడు. సింహాసనం లాక్కున్న కొడుకు కశ్యపుడు. చెరలో ఉన్న తండ్రి ధాతుసేనుడు. దాచిన ధనం ఎక్కడుందో చెప్పమని వేధిస్తే, కాలావెవకు తీసుకెళ్తే చూపిస్తానన్నాడు రాజు. కాలావెవ ఆయన కట్టించిన చెరువు. తీసుకెళ్లారు. ఆయన నీళ్లలోకి దిగాడు, కడుపునిండా తాగాడు, మునిగి స్నానం చేశాడు. దోసిట్లోకి నీళ్లు తీసుకుని, తన ఆస్తి మొత్తం ఇదేనని చూపించాడు. కశ్యపుడికి ఆ జవాబు మింగుడుపడలేదు. తండ్రిని గోడలో పెట్టి పూడ్పించాడని సింహళ చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఆ తర్వాత ఆ కొడుకు ఎక్కి కోట కట్టుకున్న బండ పేరు సిగిరియా. శ్రీలంక వెళ్లిన పర్యాటకులు టికెట్టు కొని, ఆయాసపడుతూ ఎక్కేది ఆ బండనే. తండ్రి దోసిలి పట్టిన చెరువు దగ్గర బస్సు ఆపించేవాళ్లు తక్కువ.

సూర్యాపేట జిల్లా చిలుకూరులో ఈ కథ చెబితే వివరణ అక్కర్లేదు. కోదాడ నుంచి హుజూర్‌నగర్ వెళ్లే దారిలో ఉన్న వరి ఊరది. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, యాసంగికి ఎన్ని తడులు ఇస్తారు అన్నదాని మీదే ఇక్కడ అప్పుల వాయిదాలు, పెళ్లి మాటలు ఆధారపడతాయి. పండిన వడ్లకు మిర్యాలగూడ మిల్లులున్నాయి. నీళ్లే ఆస్తి అన్న మాట ఈ నేలకు రోజూ ఎదురయ్యే లెక్క. అటువంటి ఊరి మనిషి శ్రీలంకకు వెళ్తే ఏం చూడాలి? అసలు ఏం చూడగలడు?

వెళ్లడం కష్టమేమీ కాదు. హైదరాబాద్ నుంచి కొలంబోకు విమానంలో రెండు గంటలకు కాస్త అటూ ఇటూ. గడియారం మార్చుకోనక్కర్లేదు, రెండు దేశాల వేళ ఒకటే. దీవి మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి కొంచెం ఎక్కువ. 2024లో అక్కడికి 20 లక్షలకు పైగా విదేశీయులు వెళ్తే, అందులో నాలుగు లక్షల మందికి పైగా మన దేశం వాళ్లే. ట్రావెల్స్ వాళ్లు అమ్మే ప్యాకేజీలు దాదాపు ఒకే తీరు: బెంతోట బీచ్, క్యాండీ, నువారా ఎలియాలో తేయాకు తోటలు, సీతమ్మ గుడి, చివరి రోజు కొలంబోలో షాపింగ్. అష్టాదశ శక్తిపీఠాల లెక్క తెలిసిన ఇళ్లవాళ్లు ట్రింకోమలీలో కోనేశ్వరం కొండను కూడా కలుపుకుంటారు. మొదటి పీఠమైన శాంకరీదేవి వెలసింది అక్కడేనని నమ్మకం.

బీచ్‌ని తక్కువ చేయాల్సిన పని లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నీళ్లను కాల్వలోనూ మడిలోనూ మాత్రమే చూసిన వాళ్లకు, అవతలి గట్టు లేని నీళ్లు కనిపించడం చిన్న సంగతి కాదు. మిరిస్సలో తెల్లారుజామున పడవెక్కితే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీలి తిమింగలాలు కనిపించే అవకాశం ఉంటుంది. భూమ్మీద ఇంతవరకు పుట్టిన జంతువుల్లో అతి పెద్దది ఊపిరి వదిలితే లేచే నీటిధార చూసినవాళ్లు ఊరికొచ్చి ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. నైరుతి తీరానికి డిసెంబరు నుంచి మార్చి మంచి కాలం. తూర్పున నిలావెలి, అరుగంబే వైపు వెళ్లాలంటే ఏప్రిల్ దాటాలి. చిన్న దీవిలోనే వాన రెండు వైపుల నుంచి రెండు వేళల్లో వస్తుంది.

అయితే తీరం మీద ఉండేవాళ్లకు సముద్రం బొమ్మ కాదు. కొలంబో నుంచి గాలెకు రైల్లో వెళ్తే పట్టాల పక్కనే అలలు కనిపిస్తాయి. ఆ కిటికీ ఫొటో చాలామంది ఫోన్లలో ఉంటుంది. ఆ దారిలోనే పెరాలియ ఉంది. 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ అక్కడ ఒక ప్రయాణికుల రైలును ముంచేసింది. రైల్లో ఉన్నవాళ్లు, అలను చూసి రైలే కాపాడుతుందని పెట్టెలెక్కిన ఊరివాళ్లు కలిసి 1,700 మందికి పైగా చనిపోయారు. రైల్వే చరిత్రలో ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు. ఆ ఒక్కరోజే దీవిలో పోయిన ప్రాణాలు 30 వేలు దాటాయి. అక్కడ ఇప్పుడు ఎత్తయిన స్మారక బుద్ధవిగ్రహం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసిన తెలుగువాళ్లకు ఆ విగ్రహం ముందు ఎలా నిలబడాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. బెంతోటలో అలలతో ఆడుకున్న కుటుంబం పెరాలియలో ఓ పావుగంట ఆగితే, ఆ సముద్రాన్ని అక్కడివాళ్లు చూసే చూపులో కొంచెమైనా అర్థమవుతుంది.

అసలు సంగతి మాత్రం తీరానికి దూరంగా ఉంది. అది మొదలయ్యేది శ్రీలంకలో కూడా కాదు, కృష్ణ ఒడ్డున.

క్రీ.శ. 3వ శతాబ్దంలో నాగార్జునకొండ లోయలో విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. వీరపురుషదత్తుడు రాజ్యానికొచ్చిన 14వ ఏట బోధిసిరి అనే ఉపాసిక అక్కడ ఒక చైత్యగృహం కట్టించింది. రాణి కాదు, గృహిణి. ఆమె ఆ చైత్యగృహాన్ని అంకితం చేసింది తామ్రపర్ణి ఆచార్యులకు, అంటే లంక నుంచి వచ్చిన భిక్షువులకు. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, ద్రవిడ దేశాల్లో ధర్మాన్ని వ్యాపింపజేసినవాళ్లని వాళ్ల గురించి శాసనం చెబుతుంది. చైత్యగృహం నేలరాళ్ల మీదే చెక్కిన ఆ శాసనాన్ని పండితుడు ఫోగెల్ చదివి ప్రచురించాడు. ఆమె చేసిన ధర్మకార్యాల జాబితా అందులో పొడుగ్గా ఉంది. ఒకచోట మంటపం, ఒకచోట భిక్షువులకు గదులు, పూర్వశైల విహారంలో ఒక చెరువు. సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం.

సింహళ విహారం. లంకవాళ్ల కోసం మన లోయలో ఒక విడిది ఉండేదన్నమాట. ఇవాళ చిలుకూరు నుంచి ఒక కుటుంబం అనురాధపురంలో హోటలు గది బుక్ చేసుకుంటుంటే, 1,700 ఏళ్ల కిందట అనురాధపురం వైపు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ గదుల్లో వానాకాలం గడిపారు. వాళ్లు ఏ రేవులో దిగి ఉంటారన్న ప్రశ్నకు కూడా ఆ శాసనంలోనే ఒక ఆనవాలుంది. అందులో కంటకసెల పేరు వస్తుంది. కృష్ణా డెల్టాలోని నేటి ఘంటసాలే అది. గ్రీకు భూగోళకారుడు టాలెమీకి కూడా తెలిసిన రేవు. దీవి అంటే చుట్టూ నీళ్లుండి ఎవరికీ అందనిదని చిన్నప్పుడు పాఠంలో చదువుకుంటాం. ఆనాటివాళ్లకు నీళ్లే దారి. విజయపురి నుంచి అడవులు దాటి ఉత్తరాదికి పోవడం కంటే, కృష్ణ వెంట కిందికి దిగి ఓడెక్కి లంక చేరడం ఏమంత కష్టంగా తోచి ఉండదు.

ఆ లోయ ఇప్పుడు లేదు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. నీళ్లు నిండేలోపు బయటపడ్డదంతా నమోదు చేయాలని పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపింది. కొన్ని కట్టడాలను రాయి రాయి విడదీసి కొండ మీదికి, అనుపుకు తరలించింది. మిగతాదంతా నీటి కిందే. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు చేరింది. మెట్ట నేలలు మాగాణి అయ్యాయి. ఈ ప్రాంతం అన్నం తిన్నదీ, పిల్లల్ని చదివించుకున్నదీ, ఇవాళ విదేశాలకు టికెట్టు కొనగలుగుతున్నదీ ఆ నీళ్ల వల్లే.

కనుక చిలుకూరు మడిలోకి దూకే నీరు, ఒకప్పుడు లంక అతిథులు బస చేసిన లోయ మీదుగా వచ్చిన నీరు. ఇందులో తప్పొప్పుల తీర్పు చెప్పడం సులువు కాదు. ఆకలిగా ఉన్న లక్షల ఎకరాలకూ, మట్టిలో ఉన్న రాతి విహారాలకూ మధ్య ఎంపిక వచ్చినప్పుడు దేశం ఆకలిని ఎంచుకుంది. సరైన ఎంపికే. అయినా మునిగినదాన్ని తలుచుకునే బాధ్యత, ఆ నీళ్లతో బతికినవాళ్ల మీద కొంత ఉంటుంది. లంకకు పోవడం ఆ తలుచుకోవడంలో ఒక భాగం కాగలదు. ఎందుకంటే ఇక్కడ మునిగిన లోకానికి తోబుట్టువు లాంటిది అక్కడ పొడి నేల మీద నిలిచే ఉంది.

అనురాధపురంలో అడుగు పెట్టిన వెంటనే అది తెలుస్తుంది. విహారాల మెట్ల ముందు అర్ధచంద్రాకారపు రాతిపలక ఉంటుంది. దాని మీద వరుసగా ఏనుగులు, గుర్రాలు, సింహాలు, ఎద్దులు, హంసలు. చెప్పులు విప్పి దాని మీద కాలు మోపి పైకెక్కాలి. నాగార్జునకొండలో తవ్వితే బయటపడ్డవీ ఇటువంటి అర్ధచంద్ర శిలలే. అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకొచ్చిన ఆయక వేదికలుంటే, అక్కడి స్తూపాలకూ నాలుగు దిక్కులా రాతి ముఖద్వారాల వంటి కట్టడాలున్నాయి. పల్నాటి సున్నపురాతి శిల్పాలు కూడా లంకలో దొరికాయి. ఓడల్లో రాళ్లు వెళ్లాయి, రాళ్లతో పాటు చేతుల పనితనమూ వెళ్లింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇటువంటివి చూడగానే "అంతా మనవాళ్లే నేర్పారు" అనే గర్వం నాలుక చివరికి వస్తుంది. చరిత్ర అలా ఒక వైపే నడవలేదు. మగధ నుంచి భిక్షుణి సంఘమిత్త తెచ్చిన బోధి కొమ్మను క్రీ.పూ. 3వ శతాబ్దంలో అనురాధపురంలో నాటారు. ఆ చెట్టు నేటికీ ఉంది, దాని చుట్టూ తెల్లబట్టల్లో జనం నేటికీ కూర్చుంటున్నారు. ఐదారు వందల ఏళ్ల తర్వాత ఆ దీవి భిక్షువులు ఉన్న విహారంలో, కృష్ణ ఒడ్డున, ఒక తెలుగు నేల గృహిణి బోధివృక్షానికి మందిరం కట్టించింది. ఎవరు ఎవరికి ఏమిచ్చారో లెక్క తేల్చబోతే ఎటూ తెగదు. తేల్చాల్సిన పనీ లేదు.

కాలావెవ గట్టుకు కొద్ది దూరంలో అవుకన బుద్ధుడున్నాడు. ఒకే బండ నుంచి తొలిచిన, దాదాపు 40 అడుగుల నిలువెత్తు విగ్రహం. ధాతుసేనుడి కాలానిదని చెబుతారు. భుజం మీది నుంచి జారే వస్త్రపు మడతలు సన్నటి గీతల్లా పాదాల దాకా దిగుతాయి. ఆ మడతల్లో అమరావతి శిల్పుల ధోరణి కనిపిస్తుందని కళాచరిత్రకారులు అంటారు. దాని 27 అడుగుల ప్రతిరూపాన్ని శ్రీలంక కానుకగా ఇస్తే, 2022 మేలో ప్రారంభమైన బుద్ధవనంలో, నాగార్జునసాగర్ దగ్గర నిలబెట్టారు. ఇక్కడి నుంచి వెళ్లిన పోలిక అక్కడ రూపు మార్చుకుని, అక్కడివాళ్ల కానుకగా ఇక్కడికే వచ్చింది. సాగర్‌కు కారులో వెళ్లి ఆనకట్ట గేట్ల దగ్గర సెల్ఫీ తీసుకుని తిరిగొచ్చేవాళ్లు దాన్ని చూసే ఉంటారు. అది ఏ చెరువు పక్కనుంచి వచ్చిందో తెలిస్తే చూపు మారుతుంది.

చెరువు దగ్గరికి రావాలి ఇక. చిలుకూరు మనిషికి లంకలో అందరికంటే బాగా అర్థమయ్యేవి చెరువులే. కాలావెవ నుంచి అనురాధపురంలోని తిస్సవెవ దాకా 87 కిలోమీటర్ల కాల్వ ఉంది, జయగంగ అంటారు. మొదటి పదిహేడు మైళ్లలో దాని వాలు మైలుకు ఆరంగుళాలే. కాల్వ కింద బతికేవాళ్లకు ఆ ఆరంగుళాలంటే ఏమిటో తెలుసు. వాలు ఎక్కువైతే గట్లు తెగుతాయి, తక్కువైతే నీరు నిలిచి పూడిక పడుతుంది. లేజర్ పరికరాలతో పొలం చదును చేయించుకునే ఈ రోజుల్లో కూడా ఎకరం మడిలో ఒక మూల నీళ్లెక్కక తంటాలు పడతాం. 5వ శతాబ్దంలో ఆ పని చేసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. రాజు పేరు మాత్రమే మిగిలింది.

ఆ చెరువుల తూము దగ్గర ఇంకో విశేషం ఉంటుంది. గట్టు లోపలి వైపు, రాతితో కట్టిన చదరపు బావి. బయటికి వెళ్లాలని తోసుకొచ్చే నీళ్ల జోరు ఆ బావిలో విరిగి, తూములోకి నెమ్మదిగా దిగుతుంది. పెద్ద చెరువు నిండా ఉన్నప్పుడు తూము తెరిస్తే ఆ ఒత్తిడికి గట్టే కొట్టుకుపోయే ప్రమాదం ఉంటుంది. దానికి వాళ్లు రెండు వేల ఏళ్ల కిందటే కనిపెట్టిన ఉపాయం ఇది. బ్రిటిష్ కాలంలో అక్కడ నీటిపారుదల ఇంజనీరుగా పనిచేసిన హెన్రీ పార్కర్ 1909లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని ఎంతో మెచ్చుకున్నాడు.

పెద్ద చెరువులు రాజులవి. ఊరి చెరువులు ఊరివి. ఒక వాగు వెంట ఒకదాని కింద ఒకటిగా, పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా కట్టిన ఆ వరుసలకు 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల పేరు వింటూ పెరిగినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. కొత్తగా అనిపించేది ఒకటుంది. అక్కడ చెరువు ఎగువన చెట్ల పట్టీ వదులుతారు, గాలికి నీళ్లు ఆవిరవకుండా. గట్టు దిగువన, పొలానికీ కట్టకూ నడుమ, ఇంకో పట్టీ పొదలతో చెట్లతో వదులుతారు. ఊట నీటిలోని ఉప్పును అవి పట్టి ఉంచి పొలం చౌడు కాకుండా కాపాడతాయి. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేలకు పైగా చెరువులకు పూడిక తీయాలనుకున్నప్పుడు మట్టి సంగతే ఎక్కువ మాట్లాడుకున్నాం. చెట్ల సంగతి అంతగా పట్టించుకోలేదు. శిఖం భూమి అంటే ఆక్రమించడానికి వీలున్న భూమి అన్నట్టుగా మారిన ఊళ్లు మన దగ్గర ఎన్ని లేవు!

కరువు ఏడాది వాళ్లు పాటించే కట్టుబాటు ఇంకా గొప్పది. చెరువులో నీళ్లు సగమే ఉన్నాయనుకోండి. ఊరంతా కూర్చుని ఎంత మేరకు పారుతుందో లెక్కేస్తారు. కట్టకు దగ్గరగా ఉన్న ఆ కాస్త భూమినే సాగు చేయాలని తీర్మానిస్తారు. ఆ భూమి ఎవరిదైనా సరే, ఆ ఒక్క కారుకు దాన్ని ఆయకట్టు రైతులందరికీ వాళ్ల వాళ్ల వాటా ప్రకారం పంచుతారు. చివరి మడి రైతు కూడా ఆ ఏడాది తూము పక్కన నాటు వేసుకుంటాడు. మన ఎడమ కాల్వ కింద నీళ్లు తగ్గినప్పుడు వారబందీ పెడతారు, వంతులవారీగా వదులుతారు. వంతులో నీళ్లను పంచుకుంటాం. వాళ్లు భూమినే పంచుకుంటారు. ఎగువ రైతు మోటారు పెట్టి లాగేస్తే దిగువన పొట్ట మీదున్న వరి ఎండిపోవడం చూసినవాళ్లకు, ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పాలా? శ్రీలంకలో తెలుసుకుని తిరిగిరావడానికి ఇంతకంటే విలువైనది మరొకటి కనిపించదు.

కట్ట మీద దేవత కూడా ఉంటుంది. మన ఏ ఊరి చెరువుకైనా కట్టమైసమ్మ ఉన్నట్టే, అనురాధపురం వైపు చెరువులకు అయ్యనాయక దేవుడు కాపలా. పంట చేతికొచ్చాక కొత్త కుండలు చెట్టుకు కట్టి మొక్కు చెల్లిస్తారు. 3వ శతాబ్దం చివర్లో, ఇక్కడ ఇక్ష్వాకులు ఏలిన రోజులకు కొంచెం అటూ ఇటూగా, మిన్నేరియ చెరువు కట్టించిన మహాసేనుడు అక్కడి జనానికి రాజుగా మిగల్లేదు. మిన్నేరి దేవుడైపోయాడు. ఎండాకాలంలో నీళ్లు తగ్గి ఆ చెరువు గర్భంలో పచ్చిక మొలిస్తే జూలై నుంచి సెప్టెంబరు దాకా అడవి ఏనుగులు వందలుగా వచ్చి మేస్తాయి. ఆ దృశ్యం కోసం ప్రపంచమంతటి నుంచీ వస్తారు. పదిహేడు వందల ఏళ్ల కిందట వరి కోసం కట్టిన కట్ట, ఇవాళ ఏనుగుల్ని కూడా బతికిస్తోంది.

సిగిరియాకు మళ్లీ రావాలి, ఆ బండను తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. దాని నడుము దగ్గర, అప్సరసల చిత్రాల కింద, అద్దంలా మెరిసేలా గచ్చు చేసిన గోడ ఒకటుంది. కశ్యపుడి తర్వాత శతాబ్దాల పాటు అక్కడికి వచ్చిన సందర్శకులు ఆ గోడ మీద పద్యాలు గీశారు. భిక్షువులు, సైనికులు, ఉద్యోగులు, ఆడవాళ్లు. ఫలానా ఊరి నుంచి వచ్చామని, బొమ్మల్లోని స్త్రీలు పలకరించలేదని, గుండె బరువెక్కిందని. పురావస్తు పండితుడు సెనరత్ పరణవితాన వాటిలో 685 పద్యాలను చదివి 1956లో గ్రంథంగా తెచ్చాడు. చూడ్డానికి వెళ్లడం, చూశానని చెప్పుకోవాలనిపించడం మన కాలపు పిచ్చి అనుకుంటాం. పన్నెండు వందల ఏళ్ల నాటి మనుషులకూ అదే కోరిక. 2015లో ఆ గోడ మీద పేరు గీసిన ఒక యువతికి జైలుశిక్ష పడి, తర్వాత అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. గోడను కాపాడటం అవసరమే. కానీ ఆ పాత సందర్శకులు పేరుతో ఆగలేదన్నది గమనించాలి. చూసినదాని గురించి ఒక ఆలోచన, దాన్ని చెప్పడానికి ఒక పద్యం వాళ్ల దగ్గర ఉండేవి. ఇవాళ మిరిస్స ఒడ్డు నుంచి స్టేటస్ పెట్టేవాళ్లకు గోడ అక్కర్లేదు, పద్యం కూడా అక్కర్లేకుండా పోయింది. ఆ రెండోది పోవడమే నష్టం.

క్యాండీలో మన పోలికలు ఇంకా దగ్గరవి. 1739లో సింహళ రాజు వారసుడు లేకుండా పోతే, రాణి సోదరుడు గద్దెనెక్కాడు. తెలుగు మూలాలున్న మదురై నాయకుల బంధువర్గం అది. వాళ్లలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాం నుంచి భిక్షువులను రప్పించి, దీవిలో తెగిపోయిన ఉపసంపద దీక్షను మళ్లీ నిలబెట్టాడు. శైవ కుటుంబంలో పుట్టి బౌద్ధానికి ప్రాణం పోసినవాడు. చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుడు. బుద్ధుడి దంతమందిరం ముందు నేడు అందరూ ఫొటో దిగే సరస్సును 1807లో వరి పొలాలున్న చోట తవ్వించాడు. జనం చేత బలవంతంగా చాకిరీ చేయించాడన్న కోపమూ మూటగట్టుకున్నాడు. 1815 మార్చి 2న రాజ్యం బ్రిటిష్‌వాళ్ల పాలైంది. ఆయన్ని వేలూరు కోటకు పంపారు. 1832లో అక్కడే కన్నుమూశాడు. అన్నం పెట్టే మడి మీద అందం కోసం నీళ్లు నింపిన రాజు, చెరువులో దోసిలి పట్టి నిలబడ్డ రాజు. ఇద్దరూ ఆ దీవిని ఏలినవాళ్లే. ఇద్దర్నీ గుర్తుంచుకోవాలి.

తెలుగు ఇంకోచోట కూడా ఉంది. అనురాధపురం జిల్లా తంబుత్తేగమ దగ్గర కుడాగమలో, తూర్పున అంపార జిల్లా అలిగంబేలో పాములాడించే, చేతులు చూసి జోస్యం చెప్పే అహికుంటకుల కుటుంబాలు ఇళ్లలో తెలుగు మాట్లాడతాయి. రాజుల తెలుగు క్యాండీలో మాసిపోయింది. గుడారాలు మోసుకు తిరిగినవాళ్ల తెలుగు తరాలుగా నిలిచింది. పిల్లలు సింహళంలోకీ తమిళంలోకీ మారుతున్నారు. వాళ్ల ఊళ్లను వింత చూడ్డానికి వెళ్లకూడదు. దారిలో ఎదురుపడితే మాత్రం మన భాషలో ఒక పలకరింపు ఎంత దూరం పోతుందో ఊహించుకోవచ్చు.

అతిథికి ఆ ఇంటి కష్టం తెలియాలి. 1983 నుంచి 2009 దాకా ఆ దేశం తనలో తాను యుద్ధం చేసింది. ఉత్తరాన తమిళ కుటుంబాల్లో ఇంకా తేలని లెక్కలున్నాయి. పాత చెరువులు, స్తూపాలు కూడా ఎవరివన్న తగాదాలోకి లాగబడ్డాయి. 2021లో ప్రభుత్వం ఒక్కసారిగా రసాయన ఎరువుల దిగుమతి ఆపేసింది. వరి దిగుబడి పడిపోయింది. నవంబరుకల్లా నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. 2022 ఏప్రిల్‌లో దేశం అప్పు కట్టలేనని చేతులెత్తేసింది, జూలైలో అధ్యక్షుడు పారిపోయాడు. యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి కాపు కాసిన తెలంగాణ రైతుకు ఈ వార్త వెనుక మనుషులు కనిపించాలి. అందుకే అక్కడ గదికీ ఆటోకీ ఇచ్చే ప్రతి రూపాయి గీసి గీసి బేరమాడటం మర్యాద అనిపించుకోదు. బుద్ధవిగ్రహానికి వీపు చూపించి ఫొటో దిగడం, పొట్టి నిక్కర్లతో విహారాల్లోకి వెళ్లడం వాళ్లను నిజంగా బాధపెడతాయి. ప్రతి పౌర్ణమీ సెలవు, ఆ రోజు మందు అమ్మరు. దాన్ని ఇబ్బందిగా చూడకుండా, సాయంత్రం ఏదైనా విహారానికి వెళ్లి దీపాల వరుసల మధ్య కూర్చోవచ్చు.

తిండి గురించి బెంగ పడనక్కర్లేదు. ఎర్రబియ్యం అన్నం, పప్పు, కొబ్బరి పచ్చడి, మునక్కాడల కూర మన నోటికి దగ్గరే. తప్పక తినాల్సింది దారి పక్కన మట్టి మూకుళ్లలో అమ్మే గేదె పెరుగు. గరిటె పెడితే గడ్డగా లేస్తుంది. దాని మీద జీలుగ నీరా కాచిన ముదురు గోధుమరంగు పాకం పోసిస్తారు. జీలుగ కల్లు తెలిసిన తెలంగాణకు ఆ చెట్టు తీపి కొత్త కాకపోవచ్చు, ఆ జోడింపు మాత్రం కొత్త.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మనవి. కొలంబో టికెట్టు కొనేముందు ఒక ఆదివారం హుజూర్‌నగర్, మిర్యాలగూడ, హాలియా మీదుగా సాగర్‌కు వెళ్లండి. లాంచీలో నాగార్జునకొండ చేరి మ్యూజియం చూడండి. ఆ కొండ కొన ఇప్పుడు నిజంగానే ఒక దీవి. సూర్యాపేట జిల్లాలోనే నాగారం మండలం ఫణిగిరి ఉంది. అక్కడ దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లొచ్చాయి, మనం ఇంకా ఆ గుట్ట ఎక్కలేదు. పిల్లల్ని తీసుకెళ్లండి. ఆ తర్వాత ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు బీచ్‌లో ఒక రోజు తగ్గించి, అనురాధపురానికి రెండు రోజులు, కాలావెవకు ఒక పూట అడిగి పెట్టించుకోండి. దంబుల్ల నుంచి అనురాధపురం పోయే దారిలో కెకిరావ దగ్గర మలుపు తిరిగితే చాలు, పెద్ద దూరం కాదు. అక్కడ ఎవరైనా వరి రైతు కనిపిస్తే, డ్రైవరును మధ్య పెట్టుకుని అయినా సరే, కరువు ఏడాది పొలం ఎలా పంచుకుంటారో అడిగి తెలుసుకోండి. మన ఎడమ కాల్వ కింద కూడా ఆ మాట ఒకసారి చర్చకు పెట్టాల్సిన అవసరం ఉంది.